పెళ్ళి మండపంలో పోరాట చిత్రాలు

మా తిరుపతిలో ఎగ్జిబిషన్ అంటే రెండే అర్థాలు. ఒకటి, జెయింట్ వీలూ, ఢిల్లీ అప్పడాలూ, బావిలో గిరగిరా తిరిగే మోటారు సైకిలూ వుండేది. రెండోది, ఏదో ఒక కల్యాణమండపంలో మూడు రోజులపాటు చీరలు సగం ధరకు అమ్మేది. అందుకని మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి, "అత్తా, ఎగ్జిబిషనుంది, వస్తావా?" అంటే, "పోచంపల్లివి వుంటాయా?" అని అడిగాను.

అటువైపునుంచి పెద్ద నిట్టూర్పు. "చీరలు కాదత్తా. బొమ్మలు. మనవైపు ఆర్టిస్టులు వేసిన పొలిటికల్ ఆర్ట్."

పొలిటికల్ అనేసరికి నా కళ్ళముందు నాలుగు కాళ్ళ మండపం దగ్గర నిలబెట్టే కటౌట్లు మెదిలాయి. మావారు పేపరు మడిచి, "ఏ పార్టీవాళ్ళది?" అన్నారు. ఏ పార్టీదీ కాదట అన్నాను. "అయితే హాలు అద్దె ఎవరు కట్టారు?" అన్నారు. ఆయన బ్యాంకు బుద్ధి ఆయనది. ఆ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదనుకోండి.

ఆదివారం భోజనాలయ్యాక వెళ్ళాం. నిజంగా కల్యాణమండపమే! ముందురోజు పెళ్ళి తాలూకు ఆనవాళ్ళు ఇంకా పోలేదు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పూల ఆర్చి, దానిమీద థర్మోకోల్ అక్షరాల్లో వధూవరుల పేర్లు, కాళ్ళకింద అక్షింతలు, గాలిలో సాంబారు వాసన. సరిగ్గా వరుడి పేరు కింద "ప్రశ్నించడం మా హక్కు" అని రాసిన గుడ్డ వేలాడుతోంది. పెళ్ళయిన మర్నాడే పాపం ఆ అబ్బాయికి ఎంత ధైర్యం అనుకుని నవ్వాను. మా పిల్ల నా మోచేయి గిల్లింది.

లోపల నలభై చిల్లర బొమ్మలు. 2022లో జిల్లాను ముక్కలు చేసినా ఆర్టిస్టులు మాత్రం విడిపోయినట్టు లేదు. మదనపల్లె పిల్లలు, పలమనేరు వాళ్ళు, చిత్తూరు డ్రాయింగు మాస్టర్లు, శ్రీకాళహస్తి వాళ్ళు అందరూ కలిసి పెట్టారు. చాలామంది నా కొడుకు వయసు వాళ్ళు. ఒకబ్బాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి, ఏమంటానోనని నా ముఖం కేసే చూస్తూ నిలబడ్డాడు. నా మొదటి కథ సంపాదకుడి బల్లమీద పెట్టినప్పుడు నేనూ అలాగే నిలబడ్డాను కాబట్టి, ఏమీ అనకుండా నీళ్ళు తాగాను. ఆ రోజు అనని మాట ఇవాళ అంటున్నాను. ఆ అబ్బాయి చదివితే కోపగించుకోడనే నమ్మకం.

మొదటి గోడంతా పిడికిళ్ళే. ఎర్ర పిడికిలి, నల్ల పిడికిలి, భూమిలోంచి మొలిచిన పిడికిలి, పుస్తకంలోంచి లేచిన పిడికిలి. లెక్కపెడితే పదకొండు తేలాయి. అవి అయ్యాక సంకెళ్ళు. ఆ తర్వాత గంతలు కట్టుకున్న న్యాయదేవత. మూల ఒక పావురం కూడా వుంది. వేసినవాళ్ళ నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ ఆ పదకొండింటిలో ఒక్క చెయ్యీ నాకు తెలిసినవాళ్ళది కాదు. శనక్కాయలు వొలిచి గోళ్ళు అరిగిన చెయ్యి లేదు. అంట్లు తోమి తోమి వేళ్ళసందులు ఒరిసిన చెయ్యి లేదు. ఒక్క చేతికీ గాజుల్లేవు. అందరిదీ ఒకే చెయ్యి, ఏదో అచ్చులో పోసినట్టు. ఆ పిడికిలిని చూడగానే ఆర్టిస్టు ఏ పక్షమో నాకు తెలిసిపోతుంది. తెలిశాక ఇంకేం చూడాలి? పక్క బొమ్మకు పోవడమే.

ఇది వాళ్ళ ఒక్కళ్ళ తప్పు కాదు. నా మొదటి నవలలో ఒక పనిమనిషి వుంది. ముప్పై అధ్యాయాల్లో ఆమె "అమ్మగారూ" అని పిలిచి, కాఫీ గ్లాసులు తీసుకుపోతూ వుంటుంది. ఒకచోట కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఆ కన్నీళ్ళు రాసినప్పుడు నేనేదో సంఘానికి సేవ చేశాననుకున్నాను. ఆమె ఏ ఊరునుంచి వచ్చింది, ఏ బస్సులో వెళ్తుంది, నెలకెంత తీసుకుంటుంది అన్నవి నాకే తెలియవు. బి.ఏ. పట్టా వున్నదాన్ని గనుక సానుభూతి చాలు, వివరం అక్కర్లేదనుకున్నాను.

బెంగాల్ కరువు బొమ్మలు వేసిన చిత్తప్రసాద్ సంగతి మీలో కొందరికైనా తెలిసే వుంటుంది. 1943లో ఆయన మిడ్నపూర్ జిల్లా పల్లెలమ్మట తిరిగి, కరువులో పడిపోయినవాళ్ళను అక్కడికక్కడే గీశాడు. బొమ్మ కింద మనిషి పేరు, ఊరు కూడా రాసేవాడు. అవి "హంగ్రీ బెంగాల్" అనే పుస్తకంగా వస్తే ఆనాటి బ్రిటిష్ సర్కారు ప్రతులు పట్టుకుని ధ్వంసం చేసింది. అంత పెద్ద ప్రభుత్వం నల్లసిరా గీతలకు ఎందుకు జడిసింది? వాటిలో పిడికిలి ఎత్తినవాడంటూ పెద్దగా ఎవరూ లేరు. ఎముకలు, ఆకలి, పేరూ ఊరూ వున్న మనుషులు. అది ఎవరో కాదనలేని సాక్ష్యం.

రెండో గోడ దగ్గర కాస్త ప్రాణం లేచొచ్చింది. మదనపల్లె టమోటా మార్కెట్టు బొమ్మ ఒకటుంది. ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డుమీద పారబోసే టమోటాలు మనందరం చూసినవే. ఆ అబ్బాయి ఆ టమోటాల ఎరుపును కిందికి కారేట్టు వేసి నెత్తురు చేసేశాడు. అక్కడే చెడింది. టమోటా ఎరుపూ నెత్తురు ఎరుపూ ఒకటే అనిపించడం చాలా తేలిక. టమోటాను టమోటాగా వుంచి, పగిలిన తోలునూ, కాయకు అంటిన గడ్డినీ, మీదనుంచి పోయిన లారీ టైరు గుర్తునూ వేసివుంటే నేను ఇంకాసేపు నిలబడేదాన్ని. మీరూ నేనూ ఆ టమోటాను కిలో వంద పెట్టి కొన్న నెలలున్నాయి, పది రూపాయలకు బేరమాడిన నెలలూ వున్నాయి. నెత్తురు చూస్తే ఆ బేరం గుర్తుకు రాదు. టమోటా చూస్తేనే వస్తుంది.

దాని పక్కనే బిందెల బొమ్మ. ఇది నాకు చాలా నచ్చింది. మనుషులెవరూ లేరు. ట్యాంకరు కోసం వీధి పొడుగునా వరసగా పెట్టిన ప్లాస్టిక్ బిందెలు, అంతే. పచ్చది, నీలంది, నారింజది. మధ్యలో ఒక రాయి, ఎవరిదో స్థానానికి గుర్తు. ఒక ఇత్తడి చెంబు, ఆ ఇల్లు ఒకప్పుడు బాగా బతికిందన్నమాట. ఒక బిందె అడుగున పగులు, దానిని కాల్చిన ప్లాస్టిక్‌తో అతికించిన నల్లమచ్చ. ఆ మచ్చ వేసిన చెయ్యి నీళ్ళకు నిలబడిన చెయ్యే అని నేను ఒట్టేసి చెప్పగలను. పక్కన నిలబడి చూస్తున్న ఒకావిడ, "అదిగో, ఆ ఆరోది ముందుకు జరిపినారు చూడండి" అంది నాతో. చూద్దును గదా, నిజమే! ఆరో బిందె వరసలోంచి కాస్త ముందుకు జరిగివుంది. ఆమెకూ నాకూ పరిచయం లేదు. అయిదు నిమిషాలసేపు ఆ బిందె ఎవరిదై వుంటుందా అని ఇద్దరం తగువులాడుకున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదికమీద, వెనక గోడకు, పన్నెండడుగుల గుడ్డ ఒకటి కట్టారు. దూరంనుంచి చూస్తే మన ఇళ్ళల్లో వుండే కలంకారీ రామాయణమే. చుట్టూ లతల అంచు, లోపల గళ్ళు గళ్ళుగా కథ, ప్రతి గడి కింద రెండు వరసల రాత, కింద తమిళంలో కూడా. పెళ్ళివాళ్ళు విప్పడం మరిచిపోయారేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక కాళ్ళు ఆగిపోయాయి.

శ్రీకాళహస్తిలో పాతవాళ్ళు దీన్ని కలంకారీ అనరు, వ్రాతపని అంటారు. మచిలీపట్నంలో అచ్చులతో అద్దితే అద్దకం. ఇక్కడ వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలం చేసి, చేత్తో రాయాలి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డ నానబెట్టడం, చింతబొగ్గుతో గీసుకోవడం, తుప్పు ఇనుమూ బెల్లమూ కుండలో వారాల తరబడి నాననిచ్చి నలుపు తియ్యడం... ఒక్కో రంగుకూ ఒక్కో ఉతుకు. ఇది దాదాపు అంతరించిపోతున్న రోజుల్లో, 1950ల చివర, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి వంటి పెద్దలు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కమలాదేవిగారంటే ఎవరనుకున్నారు? 1930లో ఉప్పు సత్యాగ్రహంలో ఉప్పు పొట్లాలు కట్టుకుని బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోకి పోయి అమ్మి, జైలుకు పోయిన మనిషి! అలాంటి మనిషి నిలబెట్టిన పనికి రాజకీయాలు కొత్త అంటే ఎలా?

అసలు మన రంగుల గుడ్డకు రాజకీయం ఎప్పుడూ అంటుకునే వుంది. 1719లో లండన్ వీధుల్లో అక్కడి నేతగాళ్ళు, ఇండియా నూలుమీద పూలున్న గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ళను వెంటబడి ఒంటిమీదనే చించేశారు. కొందరిమీద ద్రావకం చల్లారు. వాళ్ళ కూడు పోయిందన్నది వాళ్ళ బాధ. ఆ తర్వాత 1721లో పార్లమెంటు అలాంటి గుడ్డలు కట్టుకోవడమే నేరమని చట్టం చేసింది. 1774 దాకా ఆ చట్టం పూర్తిగా పోలేదు. కోపం వ్యాపారంమీద, చించింది ఆడవాళ్ళ బట్టలు!

మళ్ళీ వేదికమీది గుడ్డ దగ్గరికి వస్తాను. అందులోని కథ రామాయణం కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో, చంద్రగిరి దగ్గర, రెండు చోట్ల పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది కథ. ఎర్రచందనం నరకడానికి వచ్చారన్నారు. అందరూ తమిళనాడువాళ్ళు, తిరువణ్ణామలై, ధర్మపురి వైపు పల్లెలవాళ్ళు, చాలామంది కొండజాతివాళ్ళు. తమమీద దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. ముందే పట్టుకుని తెచ్చి కాల్చారని పౌరహక్కులవాళ్ళు అన్నారు. ఆ ఏప్రిల్లో నేను ఇదే ఊళ్ళో వున్నాను. పేపర్లో ఫొటో చూసి, పిల్లలు చూస్తారని మడిచి పెట్టేశాను. ఆ తర్వాత ఏం చేశానని అడిగితే, బహుశా ఇడ్లీపిండి రుబ్బి వుంటాను.

ఆ గుడ్డలో మొదటి గడిలో కొండమీద గుడిసె. రెండో దానిలో అడ్వాన్సు ఇస్తున్న చెయ్యి, చెయ్యి మాత్రమే. మనిషి గడి బయట వుండిపోయాడు. ఆ ఒక్క చెయ్యి ముందు మొదటి గోడమీది పదకొండు పిడికిళ్ళూ తేలిపోయాయి. ఉంగరం వుంది, మణికట్టుకు తిరుమలలో కట్టుకునే ఎర్రదారం వుంది. ఎవరి చెయ్యో తెలియదు, మనవైపు వాళ్ళదేనని మాత్రం తెలుస్తుంది.

మూడో గడి బస్సు. ఇక్కడ నేను ఎంతసేపు నిలబడ్డానో మా పిల్లను అడగాలి. ఆ రోజుల్లో పేపర్లలో వచ్చిన ఒక సంగతి వుంది. తమవాళ్ళను దారిలో బస్సులోంచి దింపేశారని బతికి బయటపడిన ఒకతను చెప్పాడు. అతనొక్కడూ ఎలా తప్పించుకున్నాడంటే, అతని పక్క సీటులో ఒక ఆడమనిషి కూర్చుని వుంది. ఇద్దరూ ఒకటే అనుకుని అతన్ని వదిలేశారట. ఆ సంగతి నేను చదివాను, మరిచిపోయాను. ఈ అమ్మాయి మరిచిపోలేదు. వేసింది ఒక అమ్మాయి అని కింద పేరు చూసి అప్పటికి తెలుసుకున్నాను లెండి. బస్సు గడిలో మగవాళ్ళందరూ వొట్టి నల్లగీతలు, రంగు లేదు. ఆ ఆడమనిషికి మాత్రం పసుపు. వ్రాతపనిలో సీతకూ, ద్రౌపదికీ వేసే పసుపు. ఒళ్ళో గుడ్డసంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న మునక్కాయలు. తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది! నిద్రపోతూనే ఒక మనిషి ప్రాణం కాపాడింది, ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

ఆమె ఎవరో మనకూ తెలియదు. చిత్తూరు పోయే బస్సులో, నగరి పోయే బస్సులో అలా ఎన్నిసార్లు కునికిపాట్లు పడలేదు మనం? పక్కన కూర్చున్నవాడు మాసిన చొక్కాతో వుంటే కాస్త కిటికీవైపు జరగలేదూ? ఆమె జరగలేదు. జరిగివుంటే ఏమయ్యేదో అన్నది కింద రాత చెప్పడం లేదు. "ఈమె తన ఊళ్ళో దిగిపోయింది" అని మాత్రమే వుంది. నేనైతే అక్కడ పేజీన్నర రాసి పాడుచేసేదాన్ని.

అంతా మెచ్చుకోలే కాదు. పోలీసులున్న గడి నాకు నచ్చలేదు. వాళ్ళకు రావణుడి మీసాలు, మిడిగుడ్లు పెట్టేసింది. పాత గుడ్డల్లో వున్న రాక్షసుల తలలు తెచ్చి టోపీలు తగిలించింది. ఆ పోలీసుల్లో మన పీలేరు, పుంగనూరు పిల్లలు వుండరా? డిగ్రీ చదివి, పరుగుపందెంలో నెగ్గి, ఉద్యోగమొచ్చిందని తల్లి చేత కొండకు మొక్కు తీర్పించినవాళ్ళు వుండరా? రాక్షసుడంటే మనకు సుఖం. రాక్షసుడు మన బంధువు కాడు. అడ్వాన్సు ఇచ్చిన చేతికి ఎర్రదారం కట్టిన అమ్మాయి, ఇక్కడ మాత్రం సులువుదారి తొక్కింది.

దాని తర్వాతి గడిలో శవాల వరస, పక్కన దుంగలు. ఆ దుంగలమీద పాత గుర్తులూ రంగూ వున్నాయని, ముందే పట్టుకున్న సరుకేమోనని అప్పట్లో పత్రికలు అడిగాయి. అమ్మాయి ఏమీ అడగలేదు. దుంగలమీద అంకెలు వేసింది. మొత్తం గుడ్డలో ఎరుపు ఆ దుంగలకు ఒక్కటికే. కోపంలో వున్నవాళ్ళు అంత పొదుపుగా రంగు వాడడం చాలా కష్టం.

చిలీ దేశంలో 1973లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక, మాయమైపోయినవాళ్ళ తల్లులూ, భార్యలూ పాత బట్టల ముక్కలు గోనెగుడ్డమీద కుట్టి బొమ్మలు చేశారని చదివాను. "ఆర్పియేరా" లంటారట వాటిని. కొన్నిట్లో మాయమైన మనిషి చొక్కా ముక్కే వుండేది. చూడ్డానికి పిల్లల బొంతల్లా, ఎండా కొండా ఇళ్ళూ. ఆడవాళ్ళ కుట్టుపని గదా అని చాలాకాలం అధికారులు పెద్దగా పట్టించుకోలేదు. ఈ వ్రాతపని గుడ్డనూ అలాగే దేవుడి గుడ్డ అనుకుని దాటిపోయినవాళ్ళను నేను ఆ అరగంటలో చాలామందిని చూశాను. ఒకాయన దండం కూడా పెట్టుకున్నాడు.

చివరి గడి దగ్గర నాకు కోపం వచ్చింది.

అది ఒక ఇల్లు. మెట్లు మెట్లుగా బొమ్మల కొలువు. కింద మెట్టుమీద పళ్ళెంలో శనగలు, తాంబూలం. పై మెట్టుమీద ఎర్రచందనం బొమ్మల జంట, రాజూ రాణీ. మా తిరుపతి మరపాచి బొమ్మలు! మన దక్షిణపు జిల్లాల్లో పెళ్ళికూతురికి పుట్టింటివాళ్ళు ఆ జంట ఇవ్వడం చాలా ఇళ్ళల్లో ఆచారం. నాకూ ఇచ్చారు. దాని కింద రాత ఏమిటంటే, "అందరూ క్షేమం."

ఏమిటీ నింద అనిపించింది. ఇంటికొస్తూ దారిపొడుగునా మా పిల్లతో వాదించాను. మా బొమ్మలు మా అమ్మమ్మ కాలంనాటి కొయ్య. ఆ దొంగరవాణా వేరు. ఇక్కడి చెక్కపనివాళ్ళకు ఇదే జీవనాధారం. మాధవమాల ఊళ్ళో ఎన్ని కుటుంబాలు కొయ్యబొమ్మలు చెక్కి బతకడం లేదు? పట్టుకున్న దుంగలను ప్రభుత్వమే వేలం వేస్తోంది. అడవిలోంచి దొంగతనంగా పోయే దుంగలు చైనాకు, జపానుకు, ఎవరి బీరువాలకో, వాయిద్యాలకో పోతాయి గానీ మా బొమ్మల కొలువుకు వస్తాయా? మా పిల్ల అంతా విని, "నిన్నెవరన్నారత్తా?" అంది.

ఇంటికొచ్చి అటకమీది పెట్టె దింపించాను. మా అత్తయ్య, "దసరా ఇంకా రాలేదే!" అంది. బొమ్మలు తీసి చూపించి సంగతి చెప్పాను. ఆవిడ రాణి బొమ్మను తిరగేసి, అడుగున నున్నగా అరిగిపోయిన చోటు బొటనవేలితో తడిమింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ మాకు గడ్డలు లేస్తే ఆ బొమ్మ అడుగునే సానరాయిమీద అరగదీసి పట్టు వేసేది. "ఏ చెట్టు ఎవరు కొట్టారో అని అడుగుతూ పోతే గడపకు పసుపు కూడా రాయలేవే అమ్మాయ్" అంది అత్తయ్య. అని, బొమ్మను వెంటనే పెట్టెలో పెట్టలేదు. చాలాసేపు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. మా ఇంట్లో దీనిమీద ఇంకేమీ చర్చ జరగలేదు.

మర్నాడు ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఆర్చిమీది పేర్లు తీసేశారు. ఆ అమ్మాయి వేదిక మెట్లమీద కూర్చుని టిఫిన్ డబ్బాలో పులిహోర తింటోంది. ఇరవై మూడో ఇరవై నాలుగో వుంటాయి. వేళ్ళ చివర్లు నల్లగా వున్నాయి. ఒకప్పుడు ఈ పని మగవాళ్ళ చేతుల్లోనే వుండేది, ఇప్పుడు శ్రీకాళహస్తిలో చాలామంది ఆడపిల్లలు చేస్తున్నారు. రోజుకూలికి దుపట్టాలమీద నెమళ్ళు వేస్తుందట. ఈ గుడ్డ రాత్రిళ్ళు వేసిందట. నేను నవలలు రాస్తానని చెప్పాను. "మా అమ్మ చదువుతాది మేడం" అంది. తాను చదువుతానని అనలేదు.

పోలీసుల మీసాల సంగతి చెప్పాను. కాసేపు గుడ్డకేసి చూసి, "అది నిజమే. నాకు ఆ మొహాలు రాలేదు మేడం. ఎన్నిసార్లు గీసినా మా మామ మొగం వస్తావుండె. ఆయన కానిస్టేబులు. అందుకే పాతవి పెట్టేసినా" అంది. ఆ మామ మొహమే వుంచేయవలసిందని నేను అనలేకపోయాను. పండగలకు వాళ్ళింటికి పోవలసింది ఆ అమ్మాయి గానీ నేను కాదు గదా!

తర్వాత బొమ్మల కొలువు మాట ఎత్తాను. నింద సంగతి చెప్పలేదు. దొరికిన తప్పు ఒకటి చెప్పాను. "అమ్మాయ్, మా ఇళ్ళల్లో ఆ బొమ్మలను ఇలా వొట్టిగా పెట్టం. జరీగుడ్డతో రాజుకు పంచె, రాణికి చీర కడతాం. మా రాణికి నా పెళ్ళిచీర పమిట ముక్క కట్టాను. నువ్వు ఎప్పుడైనా ఆ బొమ్మలు ఇంట్లో చూశావా?"

"మాకెవరిస్తారు మేడం? అంగట్లో చూసినా" అంది. చెయ్యి కడుక్కుని వచ్చి ఆ గడి దగ్గర నిలబడింది. "చీర కడితే కొయ్య కనపడదు గదా?" అంది.

తగువుకు అన్నట్టు కాదు. నిజంగానే, ఎలా వెయ్యాలా అని నన్నే అడుగుతున్నట్టు అంది.

నాకు జవాబు తోచక, గుడ్డ ధర ఎంతని అడిగాను. ఇంకా అమ్మకానికి పెట్టలేదంది. పని పూర్తి కాలేదట, ఎగ్జిబిషన్ తేదీ ముంచుకొచ్చిందని తెచ్చేసిందట. పసుపు వేశాక ఇంకో ఉతుకు ఉతకాలి. పారే నీళ్ళు కావాలి. స్వర్ణముఖి చూస్తే వొట్టి ఇసుక. బోరునీళ్ళతో ఉతికితే రంగు మారిపోతుందని ఆగింది.

"వానలు పడి ఏట్లో నీళ్ళొస్తే ఉతుకుతా మేడం. అప్పుడొచ్చి చూడండి. ఆ బస్సులో ఆమె ఇంకా బాగా తేల్తాది" అంది.